హెల్వెలిన్: స్ట్రైడింగ్ ఎడ్జ్ మీద ఒక్కడినే, మబ్బు లేని రోజున

#1 తుంగభద్ర (మాంచెస్టర్)

లేక్ డిస్ట్రిక్ట్ అంటే మన గ్రూపుల్లో విండర్‌మియర్ పడవ, బిర్యానీ డబ్బాలు, వంద ఫొటోలు. అదీ సరదానే. కానీ ఆ ప్రాంతం అసలు సంగతి కొండల మీద ఉంది. మొన్న మంగళవారం సెలవు పెట్టి ఒక్కడినే హెల్వెలిన్ ఎక్కి వచ్చాను. గ్లెన్‌రిడింగ్ ఊరి నుంచి స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే సన్నటి రాతి గట్టు మీదుగా పైకి, స్విరల్ ఎడ్జ్ అనే ఇంకో గట్టు మీదుగా కిందికి. వెళ్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

హెల్వెలిన్ 950 మీటర్లు. ఇంగ్లండ్‌లో స్కాఫెల్ పైక్ (978), స్కాఫెల్ (964) తర్వాత మూడోది. అంకె చూసి "ఇంతేనా, మన అరకు లోయే ఇంచుమించు అంత ఎత్తులో ఉంది కదా" అనుకోకండి. గ్లెన్‌రిడింగ్ ఊరు 150 మీటర్ల దగ్గర ఉంటుంది. మిగిలిన 800 మీటర్లూ మన కాళ్ళతోనే ఎక్కాలి. కాసేపటికే చెట్లు అయిపోతాయి, ఆ తర్వాత నీడ అనేది దొరకదు.

రోజు ఎలా ఎంచుకున్నానో ముందు చెప్తా, ఎందుకంటే ఈ దారిలో సగం పని అదే. అంతకుముందు మూడు రోజులుగా వాన లేదు. అధిక పీడనం వచ్చి కూర్చుంది. పర్వతాల కోసం విడిగా ఇచ్చే వాతావరణ సూచనలో, 900 మీటర్ల ఎత్తున గాలి గంటకి పది మైళ్ళ లోపే అని ఉంది. ఊరి వెదర్ యాప్‌లో సూర్యుడి బొమ్మ చూసి బయల్దేరితే ఈ సంగతి తెలియదు. కింద ఆకు కదలని రోజున కూడా గట్టు మీద నిలబడలేనంత గాలి ఉండొచ్చు.

ఎమ్6 మీద నలభయ్యో జంక్షన్‌లో దిగి, అల్స్‌వాటర్ ఒడ్డున ఏ592 పట్టుకుంటే గ్లెన్‌రిడింగ్. ఏడున్నరకి నడక మొదలుపెట్టా. మైర్స్ బెక్ వాగు పక్కనుంచి బర్క్‌హౌస్ మూర్ వైపు ఎక్కే దారి నిటారుగా ఉంటుంది, కానీ రాళ్ళు పరిచి బాగు చేశారు. వెనక్కి తిరిగితే చెరువు మొత్తం కనిపిస్తుంది. రొప్పు తీర్చుకోవడానికి అదొక మంచి వంక. పైన పొడవాటి రాతి గోడ, దాన్ని దాటే చోటు పేరు హోల్ ఇన్ ద వాల్. గ్రైజ్‌డేల్ లోయ నుంచి వచ్చే దారి కూడా ఇక్కడే కలుస్తుంది. అక్కడ కూర్చుని పులిహోర సగం తిన్నా, చేతికర్రలు మడిచి బ్యాగ్‌కి కట్టేశా. ఇది మర్చిపోవద్దు. ఇక్కడి నుంచి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

గట్టు మీద అన్నిటికంటే ఎత్తైన చోటు హై స్పైయింగ్ హౌ, 863 మీటర్లు. అక్కడి నుంచి ముందుకి చూస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఎడమన నెదర్‌మోస్ట్ కోవ్ లోయ, కుడిన రెడ్ టార్న్ అనే చిన్న చెరువు, మధ్యలో విరిగిన రాళ్ళ వెన్ను. ఆ వెన్ను మీద మనం. కాస్త ముందు డిక్సన్ అనే ఆయన పేరుతో చిన్న ఇనుప ఫలకం ఉంటుంది. 1858లో ప్యాటర్‌డేల్ వేటకుక్కల వెంట వెళ్తూ ఇక్కడి నుంచి పడి చనిపోయాడు.

రెండు దారులున్నాయి. సరిగ్గా గట్టు వెన్ను మీదే నడవొచ్చు, లేదా రెడ్ టార్న్ వైపు కొంచెం కిందుగా పోయే కాలిబాట పట్టుకోవచ్చు. నేను పైనే ఉన్నాను. రాయి ఎండలో వెచ్చగా ఉంది, పట్లు పెద్దవి. వెన్ను చాలా చోట్ల అనుకున్నంత సన్నగా ఉండదు. రెండు మూడు చోట్ల మాత్రం రెండు వైపులా ఒకేసారి కిందకి కనిపిస్తుంది. అక్కడ నాకు మాట రాలేదు. పక్కన వినేవాళ్ళు కూడా ఎవరూ లేరనుకోండి.

చివర్లో "బ్యాడ్ స్టెప్" అని పిలిచే చిన్న చీలిక ఉంది. మూడు మీటర్లకి అటూ ఇటూ కిందికి దిగాలి. ముఖం లోయ వైపు పెట్టి దిగితే బ్యాగ్ రాయికి తగిలి మనల్ని ముందుకి తోస్తుంది. అందుకే రాయి వైపు తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి. కాలికి మెట్లు ఉన్నాయి, పైనుంచి కనపడవు అంతే. వారాంతాల్లో ఇక్కడ క్యూ ఉంటుందట. మంగళవారం ఉదయం నేనూ, దూరంగా ఒక గొర్రే.

ఆ తర్వాత శిఖరం దాకా వదులు రాళ్ళ ఎక్కుడు. నన్నడిగితే మొత్తం దారిలో విసుగు పుట్టించేది ఇదే. పైకి రాగానే గాఫ్ స్మారకం. దాని కథ కింద ఎవరైనా అడిగితే చెప్తా. శిఖరం పైన పెద్ద మైదానంలా ఉంటుంది, గాలి ఎటునుంచి వచ్చినా ఒక పక్క నక్కేలా కూడిక గుర్తు ఆకారంలో కట్టిన రాతి అడ్డుగోడ, దానికి కొంచెం అవతల సర్వే స్తంభం. ఇంత చదునుగా ఉంది కాబట్టే 1926 డిసెంబర్ 22న జాన్ లీమింగ్, బర్ట్ హింక్లర్ ఇక్కడ విమానం దించి మళ్ళీ ఎగిరిపోయారు. ఆ మాట చెక్కిన రాయి కూడా ఉంది.

ఎంత దూరం కనిపించిందంటే, ఉత్తరాన సాల్వే ఫర్త్ అవతల స్కాట్లండ్ కొండలు నీలంగా తెలిశాయి. గంట సేపు అక్కడే కూర్చున్నా. తోడు ఎవరైనా ఉంటే పావుగంటకే "పదరా" అనేవాళ్ళు.

స్విరల్ ఎడ్జ్ దిగుడు మొదటి భాగం బాగా నిటారు. చేతులు వాడాల్సిందే. దిగాక క్యాట్‌స్టీక్యామ్ (890) పక్కనే ఉంటుంది, ఓపిక ఉంటే పది పదిహేను నిమిషాల్లో ఎక్కేయొచ్చు, చక్కటి మొనదేలిన శిఖరం. అక్కడి నుంచి రెడ్ టార్న్ వాగు వెంట, పాత గ్రీన్‌సైడ్ సీసపు గని మీదుగా ఊళ్ళోకి. విరామాలతో కలిపి ఏడు గంటలు పట్టింది.

ప్రశ్నలుంటే అడగండి.

#2 సిరిచందన (ఎడిన్‌బరా)

అన్నా, సూపర్. మా ల్యాబ్‌లో అందరూ స్క్రాంబ్లింగ్ అంటూ ఉంటారు. నాకు అది నడకా, రాక్ క్లైంబింగా అన్నది ఇప్పటికీ అర్థం కాలేదు. తాడు కావాలా? ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

#3 తుంగభద్ర

రెండింటికీ మధ్యలోది అమ్మా. చేతులు లేకుండా సాగదు, కానీ తాడు వేసుకునేంత కష్టం కాదు. ఇక్కడ ఒకటి, రెండు, మూడు అని గ్రేడ్లు ఇస్తారు. స్ట్రైడింగ్ ఎడ్జ్, స్విరల్ ఎడ్జ్ రెండూ ఒకటో గ్రేడ్. ఒకటో గ్రేడ్‌కి మామూలుగా తాడు ఎవరూ వాడరు. మూడో గ్రేడ్‌కి వచ్చేసరికి చాలామంది తాడు వాడతారు.

ఒక్కదానివే వెళ్ళొచ్చా అంటే, మామూలు కొండలు కొన్ని ఎక్కి, మ్యాప్ చూసుకోవడం వచ్చి, ఎత్తంటే కళ్ళు తిరగకపోతే, పొడిగా గాలి లేని రోజున వెళ్ళొచ్చు. ఈ నాలుగింటిలో ఒక్కటి తగ్గినా ఆ రోజుకి వేరే కొండ చూసుకో.

#4 గాజువాక_శ్రీను (లీడ్స్)

బ్రో, రాత బావుంది, కాదనను. కానీ ఇలాంటి పోస్టులు చదివి మన పిల్లలు జీన్స్ ప్యాంటు, రన్నింగ్ షూస్ వేసుకుని బయల్దేరతారు. పోయినేడాది మా ఆఫీసు కుర్రాడు ఒకడు అలాగే వెళ్ళాడు. కింద ఎండ, గట్టు మీదకి వచ్చేసరికి మబ్బు కమ్మింది, రాయి తడిసింది. ఆ చీలిక దగ్గర కిందికి దిగలేడు, వెనక్కి పోలేడు. రెస్క్యూ టీమ్ వచ్చి తీసుకొచ్చింది. వాళ్ళంతా జీతం లేని వాలంటీర్లు, ఉద్యోగాలు మధ్యలో వదిలి వస్తారు.

ఒంటరిగా వెళ్ళడం తప్పు అనే నా అభిప్రాయం. కాలు మెలిక పడితే ఫోన్ చేసేది ఎవరు? మీరు పేరెత్తిన గాఫ్ సంగతే చూడండి, ఈ కొండ మీదే పడి చనిపోయాడు. ఆయన వెళ్ళింది కూడా ఒంటరిగానే కదా!

#5 పెన్నా_పద్మ (కార్లైల్)

శ్రీను గారు చెప్పిన కుర్రాడి విషయంలో గమనించండి, అతన్ని ఇబ్బంది పెట్టింది ఒంటరితనం కాదు, తడి రాయి. పక్కన నలుగురున్నా ఆ చీలిక అతనే దిగాలి. నేను చూసినంతవరకు గుంపుగా వెళ్ళినవాళ్ళే ఎక్కువ తెగిస్తారు. "అందరూ వెళ్తున్నారు, నేనొక్కదాన్నే వెనక్కి ఎలా వెళ్ళను" అనే మొహమాటం మనలో మరీ ఎక్కువ. ఒక్కరే ఉంటే ఎవరికీ చెప్పకుండా వెనక్కి తిరగొచ్చు.

అయితే ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఏ దారిలో ఎక్కి ఏ దారిలో దిగుతున్నారో, ఎన్ని గంటలకి కారు దగ్గరికి వస్తారో ఇంట్లో రాసి పెట్టండి, ఆ టైమ్ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా. ఇక్కడ 999కి చేసి ముందు పోలీస్ అడగాలి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. చాలామంది అంబులెన్స్ అడుగుతారు, దాంతో ఆలస్యం అవుతుంది. మాట్లాడేంత సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్ళొచ్చు, కానీ దానికి ముందే రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్టర్ అనే మాట ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపి, తిరిగి వచ్చే మెసేజ్ చదివి యెస్ అని ఇంగ్లీషులో జవాబివ్వాలి, ఇంట్లో కూర్చునే చేసేయొచ్చు. ఈల ఉంటే నిమిషంలో ఆరు సార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

జూన్‌లో కూడా నా బ్యాగ్‌లో వెచ్చటి జాకెట్, హెడ్ టార్చ్, రెట్టింపు సాక్సులు, మనిషి మొత్తం దూరేంత ప్లాస్టిక్ సంచి ఒకటి ఉంటాయి. ఎండాకాలం కదా అని మా ఆయన నవ్వుతారు. కాలు విరిగి రెండు గంటలు కదలకుండా ఆ గట్టు మీద కూర్చుంటే ఎండాకాలం ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు.

#6 గాజువాక_శ్రీను

మేడమ్, మొహమాటం మాట నిజమే. ఒప్పుకుంటా. కానీ కొత్తవాళ్ళకి మాత్రం నా సలహా మారదు. మొదటిసారి తెలిసినవాళ్ళతో వెళ్ళండి.

#7 తుంగభద్ర

కొత్తవాళ్ళ విషయంలో శ్రీనుతో నాకూ పేచీ లేదు.

గాఫ్ సంగతి. చార్లెస్ గాఫ్ మా మాంచెస్టర్ వాడే, చిత్రకారుడు. 1805 ఏప్రిల్‌లో తన కుక్కని తీసుకుని హెల్వెలిన్ మీదుగా వెళ్తూ పడి చనిపోయాడు. దాదాపు మూడు నెలల తర్వాత, జులైలో ఒక గొర్రెల కాపరికి కుక్క అరుపు వినిపించి వెళ్ళి చూస్తే శవం దొరికింది. కుక్క అక్కడే ఉంది. ఆ విశ్వాసం మీద అప్పట్లో పెద్ద పెద్ద కవులు కవితలు రాశారు. స్మారకం మాత్రం 1890లో పెట్టారు. అంతకాలం కుక్క ఏం తిని బతికిందన్న దాని మీద అప్పుడే కొంతమంది వేరే రకంగా మాట్లాడారు. అది భోజనాల వేళ రాయను.

కానీ శ్రీనూ, ఆయన రోజుల్లో ప్రభుత్వ సర్వే వాళ్ళ ఓఎస్ మ్యాప్ లేదు, వాతావరణ సూచన లేదు, ఈ రాళ్ళు పరిచిన దారీ లేదు. ఆయన్ని మనకి ఉదాహరణగా తేవడం అన్యాయం.

#8 భువనగిరి_రాయి (హైదరాబాద్)

నేనెప్పుడూ ఇంగ్లండ్ రాలేదు కానీ రాయి గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటా. వారాంతాల్లో భువనగిరి కోట గుట్ట మీద ప్రాక్టీసు చేస్తుంటాం. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది కదా, పదమూడేళ్ళ వయసులో. ఆమె శిక్షణ మొదలైంది ఈ గుట్ట మీదే.

మాది నున్నటి ఏకశిల. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పాదం మొత్తం రాయికి ఆనించి ఆ రాపిడి మీదే నిలబడాలి. తుంగభద్ర అన్న ఫొటోలు చూస్తే అక్కడ అంతా మెట్లు, అంచులు, పగుళ్ళు. మన దగ్గర అలవాటైనవాళ్ళకి అది సుఖంగానే ఉండాలి. ఒక్కటే తేడా: ఏకశిల ఊడిరాదు. పగిలిన రాయి ఊడొస్తుంది. ప్రతి పట్టునీ ముందు అరచేత్తో తట్టండి. బోలుగా మోగితే వదిలేయండి. తర్వాత కిందికి లాగి చూడండి, బయటికి కాదు. రెండు కాళ్ళు, రెండు చేతుల్లో ఎప్పుడూ మూడు రాయి మీదే ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి.

ఇంకోటి, భయమేస్తే అందరూ రాయిని కౌగిలించుకుంటారు. అప్పుడు బరువు పాదాల మీద నుంచి జారిపోతుంది, కాళ్ళు నిజంగానే జారతాయి. కాస్త వెనక్కి జరిగి నిటారుగా నిలబడితే పాదం పట్టు గట్టిగా ఉంటుంది. నమ్మబుద్ధి కాదు. మా దగ్గర కొత్త పిల్లలకి ఇది ఒంటబట్టడానికే రోజంతా పడుతుంది.

#9 రాళ్ళబాబు (అబర్డీన్)

రాయి మాట వచ్చింది కాబట్టి నన్ను ఎవరూ ఆపలేరు.

హెల్వెలిన్ రాయి అగ్నిపర్వతాల నుంచి వచ్చింది. బారోడేల్ వాల్కానిక్ సముదాయం అంటారు, వయసు సుమారు 45 కోట్ల ఏళ్ళు. లావా, బూడిద పొరలు పొరలుగా గట్టిపడ్డాయి. అందుకే గరుకుగా, అంచులు తేలి ఉంటుంది. భువనగిరి, గోల్కొండ, మన హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. దాని ముందు ఇది నిన్నటి పిల్ల.

గట్టుకి ఆ ఆకారం ఇచ్చింది మాత్రం మంచు. ఒక పక్క ఇప్పుడు రెడ్ టార్న్ ఉన్న గుంటలో ఒక హిమానీనదం, ఇంకో పక్క నెదర్‌మోస్ట్ కోవ్‌లో ఇంకొకటి. రెండూ వెనక గోడల్ని కొరుక్కుంటూ వచ్చాయి. మధ్యలో మిగిలిన పలచటి గోడే స్ట్రైడింగ్ ఎడ్జ్. స్విరల్ ఎడ్జ్ కథా ఇదే. చివరి మంచు కరిగి పదకొండు వేల ఏళ్ళు దాటింది. రెడ్ టార్న్ నీళ్ళు నిలబడింది కూడా ఆ మంచు తోసుకొచ్చిన మట్టి, రాళ్ళ కట్ట వెనకే. తెలంగాణలో మంచు రాలేదు కాబట్టి మన రాళ్ళు వానకీ ఎండకీ ఉల్లిపొరల్లా ఊడి గుండ్రపడ్డాయి.

పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడ బాగుందని ఇదే ధైర్యంతో బ్లెన్‌కాత్రా మీదున్న షార్ప్ ఎడ్జ్‌కి వెళ్ళకండి. అదీ ఒకటో గ్రేడే, కొండ కూడా 868 మీటర్లే. కానీ అది స్కిడా స్లేట్, పలకరాయి జాతి. వేలమంది బూట్ల కింద నున్నబడి, తడిస్తే సబ్బులా ఉంటుంది. గ్రేడ్ ఒకటైనంత మాత్రాన రాయి ఒకటి కాదు.

#10 సిరిచందన

రాళ్ళబాబు గారూ, మీరు మా మేడమ్ కంటే బాగా చెప్పారు.

బూట్లు ఏవి కొనాలి? స్టూడెంట్ బడ్జెట్.

#11 గాజువాక_శ్రీను

చీలమండ దాకా వచ్చే బూట్లు. ఇంకేవీ వద్దు.

#12 భువనగిరి_రాయి

నేను ఒప్పుకోను. అడుగు భాగం మెత్తటి రబ్బరు, ముందు వేళ్ళ దగ్గర చదునుగా ఉన్న తక్కువ ఎత్తు అప్రోచ్ షూస్ అయితే రాయి మీద పాదం కింద ఏముందో తెలుస్తుంది. మందపాటి బూటులో ఏమీ తెలీదు.

#13 గాజువాక_శ్రీను

వాగు పక్క బురదలో, వదులు రాళ్ళ దిగుడులో ఏడు గంటలు నడిచేది కూడా ఆ కాళ్ళే కదా తమ్ముడూ.

#14 మోడరేటర్

బూట్ల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అందులో మూడు వందల పోస్టులు ఇప్పటికే ఉన్నాయి. ఇక్కడ హెల్వెలిన్ గురించి మాట్లాడండి.

#15 మాస్టారు_రాజమండ్రి

నమస్కారం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. వయసు 64. అబ్బాయి ప్రెస్టన్‌లో ఉంటాడు. ఈ ఏడు అక్టోబర్‌లో మేమిద్దరం అక్కడికి వస్తున్నాం. ఏటా అలిపిరి మెట్ల దారిలో తిరుమల నడిచి ఎక్కుతాను, 3550 మెట్లు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి. తుంగభద్ర గారి రాత చదివాక ఈ కొండ ఎక్కాలని ఉంది. మా అబ్బాయి "నాన్నా, నీకెందుకు" అంటున్నాడు. నిజం చెప్పండి, నాలాంటివాడు వెళ్ళగలడా? ఎన్ని గంటలు పడుతుందో లెక్క కట్టే పద్ధతి ఏదైనా ఉందా?

#16 తుంగభద్ర

మాస్టారూ, నమస్తే. లెక్క ఉంది, మీకు నచ్చుతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన చెప్పిన సూత్రం. చదునుగా గంటకి ఐదు కిలోమీటర్లు, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. నా దారి సుమారు 13 కిలోమీటర్లు, ఎక్కుడు క్యాట్‌స్టీక్యామ్ కలిపి 900 మీటర్లు అనుకోండి. రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు, దానికి గంటన్నర. మొత్తం నాలుగు గంటల ఆరు నిమిషాలు. ఇందులో విరామం లేదు, ఫొటో లేదు, పులిహోర లేదు, చేతులతో పాకే చోట పట్టే సమయమూ లేదు. నాకు ఏడు పట్టిందని చెప్పాగా. మీరు ఎనిమిది అనుకోండి.

తిరుమల ఎక్కే ఊపిరి ఉంటే శిఖరం మీకు అందుతుంది. స్ట్రైడింగ్ ఎడ్జ్ మాత్రం వద్దు. మెట్ల దారి ఎంత నిటారైనా ప్రతి అడుగూ ముందే ఎవరో పేర్చి పెట్టింది. గట్టు మీద అడుగు మనమే వెతుక్కోవాలి, పక్కన ఖాళీ ఉండగా. ఆ అలవాటు చిన్న కొండల మీద తెచ్చుకోవాల్సిందే.

పాకే పని లేని దారులు రెండున్నాయి. పడమర వైపు థర్ల్‌మియర్ పక్కన స్విర్ల్స్ కార్ పార్క్ నుంచి బ్రౌన్‌కోవ్ క్రాగ్స్ మీదుగా ఎక్కేది పొట్టిది, బాగా నిటారు. గ్లెన్‌రిడింగ్ నుంచే కెపెల్ కోవ్ మీదుగా, పూర్వం గుర్రాలు నడిచిన మెలికల దారిలో వెళ్ళేది పొడుగు, కానీ మోకాలికి దయగలది. మీకు రెండోదే చెప్తాను.

అన్నట్టు థర్ల్‌మియర్ గురించి ఒక్క మాట. అది మాంచెస్టర్ దాహం తీర్చడానికి లోయని ముంచి కట్టిన జలాశయం. 1894లో నీళ్ళు వదిలారు. 96 మైళ్ళ కాలువలో ఒక్క పంపు లేకుండా, వాలు మీదే మాంచెస్టర్ చేరతాయి. మా ఇంట్లో కాఫీ పెట్టుకునే నీళ్ళు ఈ కొండ మీద పడ్డ వానే అని తెలిసిన రోజున నాకు భలే అనిపించింది.

#17 పెన్నా_పద్మ

మాస్టారు గారూ, కెపెల్ కోవ్ దారిలో వెళ్తే అక్కడ పగిలిన పాత డ్యామ్ కనిపిస్తుంది. గ్రీన్‌సైడ్ గని కోసం కట్టింది. 1927 అక్టోబర్‌లో గండి పడి గ్లెన్‌రిడింగ్‌ని ముంచేసింది. గని కూడా 1962లో మూతపడింది. ఊరికి 2015 డిసెంబర్‌లో డెస్మండ్ తుఫానుకి మళ్ళీ వరద వచ్చింది. ఆ చిన్న వాగుని ఎండాకాలంలో చూస్తే అస్సలు నమ్మరు.

అక్టోబర్‌లో వస్తున్నారు కాబట్టి తుంగభద్ర గారి లెక్కకి ఇంకోటి కలపండి. ఆయన వెళ్ళిన రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు ఉంటుంది. అక్టోబర్ మొదట్లో సాయంత్రం ఆరున్నర దాటితే చీకటి పడుతుంది, నెలాఖరు ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక ఐదింటికే. మీ ఎనిమిది గంటలు అందులో ఇమడాలంటే ఉదయం ఎనిమిదికి నడుస్తూ ఉండాలి. అప్పటికి వానలు కూడా మొదలవుతాయి, మంచి రోజు కోసం మూడు నాలుగు తేదీలు ఖాళీగా ఉంచుకోండి.

అమ్మగారు కూడా వస్తున్నారన్నారు కదా. గ్లెన్‌రిడింగ్ రేవు నుంచి స్టీమర్ ఎక్కి హౌటౌన్‌లో దిగితే పక్కనే హాలిన్ ఫెల్, 388 మీటర్లే. గడ్డి మీద నడక. పైనుంచి అల్స్‌వాటర్ రెండు వంపులూ కనిపిస్తాయి. తిరుగు పడవ ఎన్నింటికో ముందే చూసుకోండి, అక్టోబర్‌లో తక్కువ తిరుగుతాయి. ముందు ఇద్దరూ అది చేయండి. అది సుఖంగా అనిపించి, ఆకాశం కుదిరితే హెల్వెలిన్ మీద కూర్చుందురు గాని.

#18 మాస్టారు_రాజమండ్రి

చాలా సంతోషం అమ్మా. పేజీ మొత్తం అబ్బాయికి పంపించాను. "హాలిన్ ఫెల్ అయితే సరే, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. అంతవరకు దిగాడు.

కారు లేకుండా గ్లెన్‌రిడింగ్ చేరడం ఎలా? వాడికి వారం మధ్యలో సెలవు దొరకదట.

#19 పెన్నా_పద్మ

ప్రెస్టన్ నుంచి పెన్రిత్‌కి నేరుగా రైలు ఉంది, అక్కడి నుంచి 508 బస్సు అల్స్‌వాటర్ ఒడ్డునే గ్లెన్‌రిడింగ్ మీదుగా ప్యాటర్‌డేల్ వెళ్తుంది. బస్సులో కుడి పక్క కాదు, చెరువు కనిపించేలా ఎడమ పక్క కూర్చోండి. బస్సులు తక్కువ, రైలు టైమ్ దానికి కుదిరేలా చూసుకోండి.

#20 సిరిచందన

నేను శనివారం ఇద్దరు ఫ్రెండ్స్‌తో ముందు క్యాట్‌స్టీక్యామ్ దాకా వెళ్ళొస్తా, రెడ్ టార్న్ వైపు నుంచి. గట్టుని కింద నుంచి చూసి, అప్పుడు నిర్ణయించుకుంటా. శ్రీను అన్నయ్యా, హ్యాపీనా?

#21 గాజువాక_శ్రీను

హ్యాపీ. శనివారం గాలి ఎంత ఉందో శుక్రవారం రాత్రి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.